అనాపొలిస్ ఉప్పుటేట్లో ఒక ముసలి పడవ

అమెరికాలో పిల్లలున్న మన తల్లిదండ్రులు వాషింగ్టన్ చూడకుండా తిరిగిరారు. వైట్‌హౌస్ ముందు ఒకటి, లింకన్ విగ్రహం దగ్గర ఒకటి, పార్లమెంటు భవనం మెట్ల దగ్గర ఒకటి ఫొటోలు దిగి, కాళ్ళనొప్పులతో ఇంటికి చేరతారు. మీకూ ఆ యోగం పట్టి, ఇంకొక్క రోజు చేతిలో మిగిలిందనుకోండి. "ఇంకేం చూపిస్తావే?" అని మీ అమ్మాయిని అడక్కండి. "అనాపొలిస్ తీసుకెళ్ళు" అని మీరే చెప్పండి. వాషింగ్టన్‌కి తూర్పుగా 30 మైళ్ళు. రోడ్డు ఖాళీగా ఉంటే గంటలోపే చేరిపోవచ్చు.

పెద్ద ఊరేం కాదు. జనాభా 40 వేల పైచిలుకు. కానీ మేరీలాండ్ రాష్ట్రానికి రాజధాని. ఊరంతా నీళ్ళు, నీళ్ళనిండా తెరచాప పడవలు. ఆ నీళ్ళు చెసపీక్ అఖాతానివి. పొడవు దాదాపు 320 కిలోమీటర్లున్నా, లోతు మాత్రం సగటున 21 అడుగులే. నదుల మంచినీరూ, సముద్రపు ఉప్పునీరూ అక్కడ కలుస్తాయి. ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన పాయలని వాళ్ళు 'క్రీక్' అంటారు. కాకినాడలో పుట్టిన నాకు మాత్రం అవి అచ్చంగా ఉప్పుటేళ్ళే!

ఈ వ్యాసంలో ఆ ఊరి కబుర్లు కొన్ని చెబుతాను. వాటితోపాటు, ఆ ఉప్పుటేటి ఒడ్డున ఒక ముసలి పడవకి డీజిల్ టాంకు మార్చిన సంగతి కూడా చెబుతాను. 'పడవ టాంకుతో మనకేం పని?' అంటారా? కాస్త ఓపిక పట్టండి. దానికీ మీ వంటింటి గట్టుకీ దగ్గర చుట్టరికమే ఉంది.

మేకుల్లేని గుమ్మటం

ఊరి మధ్య గుట్ట మీద స్టేట్‌హౌస్ కనిపిస్తుంది. 1772లో కట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికీ రాష్ట్ర శాసనసభ అందులోనే జరుగుతుంది. మధ్యలో మానకుండా ఇన్నేళ్ళుగా శాసనసభకి వాడుతున్న భవనం అమెరికాలో ఇదొక్కటే. 1783 డిసెంబరు 23న జార్జి వాషింగ్టన్ సర్వసేనాని పదవికి రాజీనామా ఇచ్చింది ఇక్కడే. యుద్ధం గెలిచినవాడు సింహాసనం ఎక్కకుండా ఇంటికెళ్ళి పొలం చూసుకున్నాడంటే వింత కాదూ!

నాకు ఇంకా నచ్చింది దాని గుమ్మటం. అంతా చెక్కపనే. ఇనుప మేకులు కొట్టకుండా చెక్క చీలలతో బిగించి, ఇనుప పట్టీలతో బలం ఇచ్చారు. ఉప్పుగాలి తగిలేచోట ఇనుము ఎన్నాళ్ళుంటుందో కాకినాడ, విశాఖ ఇల్లాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు, ఫ్రిజ్ కాళ్ళు, గ్యాస్ స్టౌ అడుగు... ఏ ఇంట్లో చూసినా అదే కథ కదా!

గుట్ట చుట్టూ గుండ్రంగా ఒక వీధి, దాని పక్కనే చర్చి చుట్టూ ఇంకో గుండ్రటి వీధి. వాటినుంచి మిగిలిన వీధులు బండిచక్రం ఆకుల్లా విచ్చుకుని నీళ్ళవైపు దిగుతాయి. ఇటుకలు పరిచిన కాలిబాటలు. హీల్స్ చెప్పులు వేసుకెళ్ళారో, మడమ ఇటుకల సందులో ఇరుక్కోవడం ఖాయం! దిగువన రేవు, పక్కనే 1845లో పెట్టిన నౌకాదళ అకాడమీ. తెల్ల యూనిఫాం వేసుకున్న కుర్రాళ్ళూ, అమ్మాయిలూ బారులు తీరి వెళ్తుంటే చూడ్డానికి ముచ్చటేస్తుంది.

వంతెన అవతలి పేట

యాత్రికులు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. మీరు మాత్రం స్పా క్రీక్ మీది వంతెన దాటండి. పొడుగాటి తెరచాప కొయ్యలున్న పడవ వచ్చినప్పుడల్లా ఈ వంతెన మధ్యకి విడిపోయి రెండు రెక్కలూ పైకి లేస్తాయి. అంతసేపూ కార్లన్నీ ఆగాల్సిందే. అవతల ఉన్నది ఈస్ట్‌పోర్ట్ పేట. పడవలు కట్టేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు, ఆల్చిప్పలు ఏరేవాళ్ళు ఉండే పేట ఒకప్పుడు. 1998లో మరమ్మతులకని వంతెన మూసేస్తే, ఈ పేటవాళ్ళు "అయితే మాది వేరే దేశం!" అని సరదాగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారట. జెండా కూడా తయారుచేసుకున్నారు. ఆ వేళాకోళం ఆచారంగా మారి, రెండు ఒడ్డుల జనం ఉప్పుటేటి మీదుగా మోకు కట్టి తాడులాగుడు పోటీ పెట్టుకుంటారు.

నేను అక్కడికి వెళ్ళింది 2024 మార్చిలో. చలి ఇంకా పోలేదు. శీతాకాలమంతా ఒడ్డుకెక్కించిన పడవలు ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉన్నాయి. నీళ్ళలో ఉన్నప్పుడు చిన్నగా కనిపించే పడవ ఒడ్డు మీద మేడంత ఉంటుంది. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. మార్చి మూడో వారంలో చలికాలం పోయిందనడానికి గుర్తుగా అక్కడివాళ్ళు మంట వేసి, చలికాలమంతా తొడిగిన సాక్సులు అందులో పడేస్తారు! ఎన్నో ఏళ్ళ కిందట ఒక పడవల మరమ్మతు పనివాడు మొదలుపెట్టిన ఆచారమట. చూడగానే నాకు మన భోగిమంటే గుర్తొచ్చింది. పిడకల దండల బదులు సాక్సులు, అంతే తేడా. ఆ కంపు మాత్రం చెప్పడం కష్టం!

టాంకు వాసన

ఆ ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ వాటిలో ఒకటి మా అమ్మాయీ అల్లుడూ కొనుక్కున్న పడవ. 30 అడుగుల పొడవు. 1983లో తయారైంది. అంటే మా అమ్మాయికంటే ఏడాది పెద్ద. కొత్తది కొనే స్తోమత ఎవరికుంది? నలుగురు చేతులు మారింది చవగ్గా కొనుక్కుని, సెలవు రోజుల్లో రంగులు వేసుకుంటూ, కుట్లు వేసుకుంటూ నడుపుకుంటున్నారు.

'తెరచాప పడవకి డీజిలెందుకు?' అని మీకు సందేహం రావచ్చు. గాలి మన చుట్టం కాదు కదండీ, పిలిస్తే రావడానికి! జూలై, ఆగస్టుల్లో చెసపీక్ మీద ఆకు కదలని రోజులుంటాయి. పైగా ఇరుకైన ఉప్పుటేట్లో వందల పడవల మధ్యనుంచి తెరచాపతో బయటికి రావడం సాహసమే. అందుకని చిన్న ఇంజనూ, దానికో డీజిల్ టాంకూ ఉంటాయి. వీళ్ళది 20 గాలన్లు, అంటే దాదాపు 75 లీటర్లు పడుతుంది.

అంతకుముందు అక్టోబరులో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, పడవ లోపల డీజిల్ వాసన మొదలైంది. పరుపులకీ, దుప్పట్లకీ, చివరికి బ్రెడ్డు ముక్కలకీ అదే వాసన. రెండోది ఇంకా పెద్దది. ఒక ఆదివారం సాయంత్రం గాలి పడిపోయింది. ఇంజను వేసుకుని ఇంటిదారి పట్టారు. ఆరేళ్ళ మా మనవడు కూడా ఉన్నాడు. బాల్టిమోర్ రేవుకి పెద్ద ఓడలు వెళ్ళే దారి మధ్యలోకొచ్చేసరికి ఇంజను దగ్గి, దగ్గి, ఆగిపోయింది. కెరటాలకి టాంకు అడుగునున్న మడ్డి కదిలి ఫిల్టరు పూడుకుపోయిందన్నమాట. దూరంగా కంటెయినర్ల ఓడ వస్తోంది. అంత ఓడ బ్రేకు వేస్తే ఆగేది కాదు, మైలు దూరమైనా చాలదు. అదృష్టవశాత్తూ పిల్లగాలి లేచి, తెరచాపతో పక్కకి తప్పుకున్నారు. ఫోన్లో ఇదంతా మా అమ్మాయి నవ్వుతూనే చెప్పింది కానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మరమ్మతు యార్డువాళ్ళు అంచనా చెప్పారు. పడవ కొన్న ధరలో సగం పైన! అమ్మేద్దామా అంటే, టాంకు కారే పడవని ఎవరు కొంటారు? కొంటామన్న ఒకాయన ఇస్తానన్నది టైరుకి ట్యూబు రాదన్నంత ధర. లాన్‌హామ్‌లో శివవిష్ణు ఆలయానికి వెళ్ళినప్పుడు తెలిసినవాళ్ళంతా "వదిలించుకోండి, మనకెందుకీ గొడవ!" అనే అన్నారు.

మా అల్లుడు నెమ్మదస్తుడు. "అత్తయ్యగారూ, ఇంకొకరికి అంటగడితే వాళ్ళ పిల్లాడితో వాళ్ళు అదే దారిలో ఆగిపోతారు. బాగుచెయ్యాలి, లేదా విరిచి పారెయ్యాలి. ఈ రెండే" అన్నాడు.

మేము ఈ తర్జనభర్జనలో ఉండగానే, మార్చి 26 తెల్లవారుజామున బాల్టిమోర్‌లో ఘోరం జరిగింది. 'డాలీ' అనే సరుకు ఓడ రేవు దాటుతూ కరెంటు పోయి, అదుపు తప్పి, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని కొట్టింది. క్షణాల్లో వంతెన కూలింది. రాత్రిపూట గుంతలు పూడుస్తున్న కార్మికులు 6 మంది చనిపోయారు. ఓడలో పనిచేస్తున్నవాళ్ళలో ఎక్కువమంది మన భారతీయులే. ఆ ఓడతో మా చిన్న పడవకి పోలికేమిటి? అయినా నీళ్ళ మీద ఇంజను ఆగడమంటే ఏమిటో ఆ వారం అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మర్నాడే మా అమ్మాయి పాత బట్టలు తొడుక్కుని నిచ్చెన ఎక్కింది.

రవ్వట్టు లాంటి అడుగు

ముందు డీజిల్ తోడారు. చేతిపంపుతో డబ్బాల్లోకి. పైన ఎర్రగా, శుభ్రంగానే ఉంది. అడుగుకి వచ్చేసరికి నీళ్ళు, నల్లటి జిగురు. డీజిల్ కంటే నీరు బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. నిలవ పచ్చడి మీద బూజు పట్టినట్టే అనుకోండి. ఫిల్టరుని పూడ్చింది ఆ జిగురే. అదీకాక, వాటినుంచి పుట్టే ఆమ్లాలు లోపల్నుంచి టాంకుని తినేస్తాయి.

తర్వాత గొట్టాలు ఊడదీశారు. డీజిల్ పోసే గొట్టం, ఇంజనుకి వెళ్ళేది, ఇంజనునుంచి మిగిలింది వెనక్కొచ్చేది, గాలి పోయేది. ఒక్కోదానికీ మా అమ్మాయి రంగు దారం కట్టి, ఏది ఎక్కడిదో పుస్తకంలో బొమ్మ వేసుకుంది. టాంకు వెనక మూలలో ఒక మర ఉంది. మా అల్లుడి చెయ్యి దూరలేదు. అమ్మాయే తలకిందులుగా అరలోకి వేలాడి అరగంటలో తీసింది. తీరా టాంకు కదిలాక, అర తలుపు చట్రం దగ్గర అరంగుళం తేడాతో ఇరుక్కుంది. చట్రం మేకులు ఊడదీసి, టాంకుని పక్కకి ఒరగేసి, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని లాగితే, బీరువా గుమ్మం దాటినట్టు బయటపడింది.

గడ్డి మీద బోర్లించి చూశాం. పైన నిగనిగలాడుతూ ఉన్న టాంకు అడుగున తెల్లటి పొడి, పొక్కులు. గీరితే రవ్వట్టుకి పడ్డట్టు సూది బెజ్జాలు! ఆ పొడి, బెజ్జాలు అన్నీ రెండు వరసల్లోనే ఉన్నాయి. సరిగ్గా టాంకు కింద చెక్క దిమ్మలు, వాటి మీద మెత్తటి గుడ్డలాంటి పరుపు వేసినచోట.

అదేమిటో మీకు ఇట్టే అర్థమయ్యేలా చెబుతాను. టాంకు సత్తుది, అదే అల్యూమినియంది. సత్తు గిన్నెకి గాలి తగిలితే దాని మీద కంటికి కనబడని పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొరే దాని కవచం. గీత పడ్డా మళ్ళీ గాలి తగలగానే పొర పూడుకుంటుంది. కానీ తడిగుడ్డ మీద ఆ గిన్నె రోజులతరబడి ఉంచారనుకోండి, అందులోనూ ఉప్పు తడి, అప్పుడు అడుగుకి గాలి అందదు. పొర పూడదు. ఉప్పు ఒక్కోచోట లోపలికి తొలుచుకుంటూ పోతుంది. చారుగిన్నె తళతళలాడుతూనే ఉంటుంది, ఒక రోజు పొయ్యి మీద చుయ్ మంటుంది!

అంటే టాంకుని తినేసింది సముద్రం కాదండీ. 40 ఏళ్ళుగా దాని కింద ఆరకుండా ఉండిపోయిన చెంచాడు తడి.

పేపరు కటింగు

పక్క దిమ్మ మీది పడవ ఒక పెద్దావిడది. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, ఏడాదిలో ఎక్కువ రోజులు పడవలోనే ఉంటుంది. తన చేత్తో మూడు టాంకులు మార్చిందట. ఆవిడ మా టాంకుని అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే చెప్పింది: "కొత్తది దేనితో చేయించారన్నది తర్వాత. దాని కింద మీ చెయ్యి దూరాలి. చెయ్యి దూరితే గాలి దూరుతుంది, గుడ్డ దూరుతుంది, కన్ను దూరుతుంది."

దేనితో చేయించాలన్నది మాత్రం ఇంట్లో రెండు రాత్రుల చర్చ. మామూలు ఇనుము బలమైనదే, కానీ తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలు అందం, కానీ గాలాడని ఉప్పుతడిలో వెల్డింగు అతుకుల దగ్గర అదీ బెజ్జం పడుతుంది. ప్లాస్టిక్ టాంకుకి తుప్పు బాధే లేదు, కానీ తయారుగా దొరికే సైజుల్లో ఏదీ ఆ అరలో పట్టదు. పైగా ఇంధనం పోశాక కొద్దిగా ఉబ్బుతుంది కనక చుట్టూ చోటు వదలాలి. చివరికి మళ్ళీ అల్యూమినియమే అనుకున్నారు. అయితే ఉప్పునీటికి తట్టుకునే, మెగ్నీషియం కలిపిన రకం రేకు.

అప్పుడు మా అమ్మాయి చేసిన పని నాకు భలే నచ్చింది. అట్టపెట్టెలు కోసి, టేపు అంటించి, అచ్చం టాంకులాగే అట్ట నమూనా తయారుచేసింది. జాకెట్టు కుట్టే ముందు పేపరు కటింగు వేసుకోమూ, అలాగ! అట్ట టాంకుని తలుపులోంచి దూర్చి చూసింది. పట్టలేదు. ఒక మూల కోసింది. మళ్ళీ చూసింది. నాలుగోసారికి ఇటూ అటూ తగలకుండా లోపలికి వెళ్ళి కూర్చుంది. పాతదానికంటే 2 గాలన్లు తక్కువ పడుతుంది. పడితే పడనీ, చుట్టూ గాలి తిరగాలి కదా.

ఆ అట్టని కార్లో పెట్టుకుని వెల్డింగు షాపుకి వెళ్ళాం. దాదాపు 3 మిల్లీమీటర్ల మందం రేకు. లోపల డీజిల్ అటూ ఇటూ కొట్టుకోకుండా అడ్డుపలకలు. పైన చెయ్యి పట్టేంత మూత ఒకటి, ఎప్పుడైనా విప్పి అడుగు తుడుచుకోవడానికి. పాత టాంకుకి అది లేకపోవడం వల్లే లోపల ఏముందో 40 ఏళ్ళు ఎవరూ చూడలేదు. తయారయ్యాక గొట్టాల దారులన్నీ మూసి, లోపలికి గాలి కొట్టి, అతుకుల మీద సబ్బునురగ రాశారు. చదరపు అంగుళానికి 3 పౌండ్ల ఒత్తిడి, అంటే కారు టైరులో ఉండేదానిలో పదోవంతు. బుడగ లేస్తే కారుతున్నట్టు. పంక్చరు షాపులో ట్యూబుని నీళ్ళలో ముంచి చూస్తారే, ఆ పరీక్షే. ఒక్క బుడగా లేవలేదు.

కూర్చోబెట్టడం

అసలు పనంతా కూర్చోబెట్టడంలోనే ఉంది. పాత చెక్క దిమ్మలు, గుడ్డ తీసిపారేశారు. తడి పీల్చని గట్టి ప్లాస్టిక్ పట్టీలు తెచ్చి, వాటికీ టాంకుకీ మధ్య చుక్క నీరైనా జొరబడకుండా జిగురుతో పూర్తిగా అతికించారు. ఆ పట్టీల మీద టాంకు నిలబడితే కింద చెయ్యి పట్టేంత సందు. కెరటాల్లో కదలకుండా నాలుగువైపులా బిగించారు. 18 గాలన్ల డీజిల్ అంటే దాదాపు 57 కిలోలు, తమాషా కాదు.

ఇత్తడి మరలు అల్యూమినియంకి నేరుగా బిగించకూడదు. రెండు వేరు లోహాలు ఉప్పుతడిలో ఆనుకుంటే ఒకదాన్ని రెండోది తినేస్తుంది. అందుకని మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు మరలు పెట్టారు. గొట్టాలన్నీ కొత్తవి. డీజిల్ పోసే గొట్టానికి ఒక్కో చివరా రెండేసి క్లిప్పులు. డెక్కు మీద డీజిల్ పోసే మూతకుండే రబ్బరు రింగు ఎండి పగిలి ఉంది. వానా, కెరటాల నీరూ ఇన్నాళ్ళూ టాంకులోకి దిగింది ఆ దారినే. కొత్త రింగు ఖరీదు మన కాఫీ ఖర్చంత కూడా లేదు!

ఇంజనుకి గొట్టం తగిలించాక అందులో చేరిన గాలి తీసెయ్యాలి. ఒక మర వదులు చేసి, చిన్న పంపు నొక్కుతూ ఉంటే మొదట నురగ, తర్వాత సన్నటి డీజిల్ ధార వస్తుంది. అప్పుడు మర బిగించాలి. తాళం తిప్పగానే ఇంజను రెండుసార్లు గునిసి, మూడోసారికి అందుకుంది. ఒడ్డు మీద ఇంజను చల్లబడ్డానికి బకెట్టుతో నీళ్ళందించే పని నాది, మా మనవడిది. పావుగంట ఆడించారు. మా అమ్మాయి టాంకు కింద తెల్లటి టిష్యూ పెట్టి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నా ముక్కు దగ్గర పెట్టింది. వాసన లేదు.

గిన్నెల సబ్బు వేస్తే నేరం!

ఇక్కడ ఒక సంగతి మీకు తప్పకుండా చెప్పాలి. డీజిల్ పడవ అడుగు గుంటలోకి కారితే, అక్కడి నీళ్ళు తోడే మోటారు దాన్ని నేరుగా ఉప్పుటేట్లోకి వదిలేస్తుంది. గరిటెడు డీజిల్ చాలు, నీటి మీద చాలా దూరం రంగురంగుల పొర పరుచుకుంటుంది. అది అక్కడ నేరం. 26 అడుగులు, ఆపైన ఉన్న పడవల్లో ఇంజను దగ్గర 'నూనె నీటిలోకి వదలరాదు' అని నోటీసు పలక తగిలించి ఉండాలని చట్టం.

మరి ఆ పొర మీద గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు వేస్తే? పొర మాయమవుతుంది. కానీ అదీ చట్టవిరుద్ధమే! ఎందుకంటే నూనె పోదు, సన్నటి చుక్కలై నీళ్ళలోపలికి దిగుతుంది. పైన ఉంటే దూదిపలకలాంటి వాటితో అద్ది తియ్యొచ్చు. లోపలికి దిగాక తీసేదెవరు? చెసపీక్ పీతలు, ఆల్చిప్పలు, చేపపిల్లలు దాంట్లోనే బతకాలి. అందుకే వీళ్ళు పని చేసినన్నాళ్ళూ, నూనె పీల్చి నీరు పీల్చని తెల్లపలకలు పడవ అడుగున పరిచారు. పాత డీజిల్‌నీ, నల్ల జిగురునీ, తడిసిన పలకల్నీ మూతలు బిగించి జిల్లావాళ్ళ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో అప్పగించి వచ్చారు.

మొత్తం ఖర్చు యార్డు అంచనాలో మూడోవంతు అయింది. పని మాత్రం ఆరు శని, ఆదివారాలు తిన్నది.

దీపస్తంభం దాకా

మే నెల మొదట్లో క్రేను పడవని నడుముకి పట్టీలు వేసి ఎత్తి, ఉయ్యాలలో పాపాయిని దింపినట్టు నీళ్ళలో దింపింది. మొదటి ప్రయాణం థామస్ పాయింట్ దీపస్తంభం దాకా. 1875లో కట్టారు. నీళ్ళ మధ్య ఇనుప కాళ్ళ మీద ఆరు మూలల తెల్లటి ఇల్లు, ఎర్రటి కప్పు, పైన దీపం. దీపస్తంభం అంటే పొడుగాటి గోపురం అనుకునే మనకి ఇది బొమ్మరిల్లులా ఉంటుంది. 1986 దాకా అందులో మనుషులుండి దీపం చూసుకునేవాళ్ళట.

ఉత్తరంగా చూస్తే అఖాతాన్ని దాటే జంట వంతెనలు. 1952లో ఒకటి, 1973లో ఒకటి. 4 మైళ్ళ పైన పొడవు. బాల్టిమోర్ దారి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. అది జూన్ 10న గానీ జరగలేదు. పెద్ద ఓడల దారి పక్కనుంచే వెళ్ళాం. గాలి మధ్యాహ్నానికి పడిపోయింది. మా అమ్మాయి నావైపు ఒకసారి చూసి ఇంజను తాళం తిప్పింది. గంటన్నర ఏకధాటిగా నడిచి రేవు చేర్చింది. మనవడు దారి పొడుగునా పులిహోర తింటూనే ఉన్నాడు. డీజిల్ వాసన లేని పులిహోర!

మీ ఇంట్లోనూ చూసుకోండి

పడవ మనకి లేకపోతేనేం, సత్తు గిన్నెలున్నాయి. చింతపండు పులుసు, ఉప్పు వేసిన ఊరగాయ వాటిలో నిలవ ఉంచకండి. తోమిన గిన్నె తడిగట్టు మీద బోర్లించి వదిలెయ్యకుండా ఆరబెట్టండి. గ్యాస్ సిలిండరు కింద గుండ్రటి తుప్పు మరక కనిపిస్తోందా? అది ఆరని తడికి గుర్తు. చక్రాల స్టాండు మీద పెడితే గాలీ తగులుతుంది, కింద తుడవడానికీ వీలవుతుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల కింద తడిగోనెలు, పాత గుడ్డలు పెట్టకండి. రబ్బరు దిమ్మలు పెట్టండి. నెలకొకసారి వంగి అడుగు చూడండి.

వెళ్ళాలనుకునేవారికి

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. అక్టోబరులో పేరున్న పడవల ప్రదర్శన జరుగుతుంది. అప్పుడు కారు పెట్టడానికి చోటు దొరకడం కష్టం. స్టేట్‌హౌస్‌కీ, నౌకాదళ అకాడమీకీ గుర్తింపు కార్డు అడుగుతారు కనక పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. ఈస్ట్‌పోర్ట్ చివర, బ్యాక్ క్రీక్ ఒడ్డున పాత ఆల్చిప్పల ఫ్యాక్టరీలో పెట్టిన మ్యూజియం పిల్లలకి నచ్చుతుంది. ఊరు పీతల వంటకాలకి ప్రసిద్ధి. శాకాహారులు పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే హాయి. నడవడానికి మడమలు లేని చెప్పులు, నీటిగాలికి ఒక శాలువా మరిచిపోకండి. వాషింగ్టన్‌నుంచి వెళ్ళే దారిలోనే లాన్‌హామ్ శివవిష్ణు ఆలయం వస్తుంది. పొద్దున్నే దర్శనం చేసుకుని బయల్దేరితే పదిన్నరకల్లా రేవులో ఉండొచ్చు.